వాచీల మావయ్య ఊఁ కొట్టిన రోజు

ఆ రోజు పొద్దున్న వాచీల మావయ్య తలపెట్టింది చాలా చిన్న పని. పెట్టెలోంచి భార్య జెండా తీసి, ఉతికి, వీధి వైపు ఎడమ స్తంభానికి కట్టాలి. పెట్టె ఎలాగూ తెరుస్తాడు కాబట్టి అందులోని బొంతను కాసేపు ప్రహరీ గోడ మీద ఎండబెట్టాలి. ఆ తరవాత కాఫీ తాగి, ఒక వాచీ బాగుచేసి, పార్టీ మీటింగుకు వెళ్ళాలి. ఊరు తలకిందులయ్యేంత పని ఇందులో ఏదీ ఆయనకు కనపడలేదు. కనపడి ఉంటే కాఫీ తాగి మళ్ళీ పడుకునేవాడు.

ఆ ఊరు నది ఒడ్డున ఉంది. నది మధ్య దాకా ఒక దేశం, అక్కణ్ణించి అవతల ఇంకో దేశం. భాష ఒకటే. కాకపోతే అవతలివాళ్ళు మాటల్ని సాగదీస్తారని ఇవతలివాళ్ళూ, ఇవతలివాళ్ళు మాటల్ని మింగేస్తారని అవతలివాళ్ళూ అంటారు. ఊళ్ళో పార్టీలు రెండు. మన గట్టు మనం గట్టిగా కట్టుకుందాం, అవతలి సంగతి అవతలివాళ్ళే చూసుకుంటారు అనేది గట్టు పార్టీ. దాని జెండా గోధుమ రంగు. రెండు ఒడ్లూ ఉంటేనే నది, ఇచ్చిపుచ్చుకుంటేనే మనుషులు అనేది వంతెన పార్టీ. దాని జెండా ఊదా రంగు. ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకు నది పొంగి అవతలి గట్టు తెగింది. ఇళ్ళు మునిగినవాళ్ళు అక్కడి బడిలో తలదాచుకుంటున్నారు. వాళ్ళకు ఊరి తరఫున సాయం పంపాలా, వద్దా అని ఆదివారం ఓటింగు. ఎక్కడ చూసినా అదే గోల. మంగలి షాపులో సగం గడ్డం గీసి, కత్తి ఆపి, "ముందు నువ్వెటో చెప్పు" అని అడుగుతున్నారు. కత్తి గొంతు దగ్గర ఉంది కాబట్టి అందరూ మంగలి పార్టీయే అంటున్నారు.

మావయ్య గట్టు పార్టీకి ఆ వీధి సెక్రటరీ. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆయనే. వీధిలో పుట్టిన ప్రతివాళ్ళకూ ఆయన మావయ్య, ఆయన భార్య అత్తయ్య. అత్తయ్యది వంతెన పార్టీ. పెళ్ళయిన కొత్తలో ఓటింగు వచ్చినప్పుడు ఆయన కుడి స్తంభానికి గోధుమ జెండా కట్టి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి ఎడమ స్తంభం మీద ఊదా జెండా ఎగురుతోంది.

"ఇల్లు నాది" అన్నాడాయన.

"స్తంభాలు రెండున్నాయిగా" అంది ఆవిడ.

ఆ వాదన అక్కడితో ముగిసింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ప్రతి ఓటింగుకూ ఇద్దరూ ఒకే గొడుగు కింద పోలింగు బూతుకు నడిచి వెళ్ళి, ఒకరి ఓటును ఒకరు కొట్టేసి, అదే గొడుగు కింద తిరిగొచ్చేవాళ్ళు. "మనిద్దరం ఇంట్లో కూచున్నా లెక్క మారదు కదే, ఎందుకీ నడక?" అని ఆయన దారిలో అనేవాడు. "మీరొక్కరే వెళ్తే మారుతుందిగా, అందుకే వస్తున్నా" అని ఆవిడ గొడుగు తన వైపుకు లాక్కునేది.

ఓటింగు అయ్యాక, వానకూ గాలికీ చిరిగిన రెండు జెండాల్లోంచీ బాగున్న ముక్కలు కత్తిరించి బొంతకు వేసి కుట్టేది. ఒకవైపంతా గోధుమ ముక్కలు, రెండోవైపంతా ఊదా ముక్కలు. చలికాలం రాత్రుళ్ళు ఎవరు ముందు మంచమెక్కితే వాళ్ళ పార్టీ పైకి. ఆవిడకు వంటింటి పని ఉండేది కాబట్టి ఎక్కువసార్లు ఆయనే గెలిచేవాడు. తెల్లారేసరికి మాత్రం బొంత ఊదా వైపుకు తిరిగి ఉండేది. ఎప్పుడు తిప్పేదో ఆయనకు ఏనాడూ తెలియలేదు.

బొంతకు ఒక మూల ఖాళీగా ఉండిపోయింది. "ఇది వచ్చే ఓటింగుకి" అంటూ వదిలిపెట్టింది. వచ్చే ఓటింగు వచ్చింది. ఆవిడ లేదు.

ఎడమ స్తంభం బోసిగా ఉంటే చూడలేకపోయాడు. అందుకని ఊదా జెండా ఉతికి, నీళ్ళు పిండి, ఆవిడ ఎలా ముడి వేసేదో గుర్తు చేసుకుని అలాగే వేశాడు. కుడి స్తంభానికి కట్టడానికి తన జెండా లేదు. పాతది ఎలకలు కొట్టేశాయి. కొత్తవి మీటింగులో పంచుతామన్నారు. ఒక పూటే కదా అనుకున్నాడు. అలా గట్టు పార్టీ సెక్రటరీ ఇంటి మీద వంతెన పార్టీ జెండా ఒంటరిగా ఎగిరింది. దాని కింద గోడ మీద బొంత ఊదా వైపు పైకి తేలి ఉంది. బొంత పక్కన, ముక్కిన వాసన కొడుతున్నాయని పెట్టెలోంచి తీసిన రెండు దుప్పట్లు.

ఇంత చేసి మావయ్య ముందు గదిలో బల్ల ముందు కూచుని, కంటికి భూతద్దం బిగించి, ఒక వాచీ గుండె తెరిచాడు.

ఆయన పనిలో వీధికంతటికీ తెలిసిన నియమం ఒకటుంది. వెంట్రుక కంటే సన్నటి స్ప్రింగును, అదే కమానును, పట్టకారుతో దాని గూట్లో కూర్చోబెట్టేటప్పుడు ఆయన తల ఎత్తడు, నోరు తెరవడు, ఊపిరి కూడా లెక్కచూసుకుని వదులుతాడు. ఎవరేం అడిగినా పెదాలు కదపకుండా "ఊఁ" అంటాడు. ఆ ఊఁకు అర్థం 'సరే' కాదు, 'కాదు' కాదు, 'ఇంకా బతికే ఉన్నాను' అని మాత్రమే. ఈ సంగతిని ప్రపంచంలో సరిగ్గా వాడుకున్న మనిషి అత్తయ్య ఒక్కతే. గోడకు ఆకుపచ్చ రంగు, వంటింట్లో కొత్త కిటికీ, వాళ్ళ చెల్లెలు వచ్చి నెల్లాళ్ళుండటం, ఇవన్నీ కమాను పెట్టే వేళ మంజూరైనవే. "మిమ్మల్ని అడిగే చేశాను. ఊఁ అన్నారుగా!" అనేది.

ఎదురింట్లో కుట్టుమిషను వదిన ఉంటుంది. వీధిలో సగం మందికి జాకెట్లూ చొక్కాలూ ఆవిడే కుడుతుంది. వంతెన పార్టీ. ఆ పొద్దున్న సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వచ్చి, ఎదుటి స్తంభం చూసి, దారం వదిలేసింది. చేతికందిన రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని రోడ్డు దాటింది.

"మావయ్యా! ఎంత మంచి పని చేశావు మావయ్యా!"

"ఊఁ."

"ఇవన్నీ అవతలి ఒడ్డుకేగా?"

"ఊఁ."

"మావి కూడా ఇక్కడే పెట్టేస్తున్నా మరి."

"ఊఁ."

"అత్తయ్య చూసుంటే ఎంత సంతోషించేదో!"

ఈసారి ఊఁ రావడం ఆలస్యమైంది. కమాను జారిపోయింది. మావయ్య మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

వదిన నోరు మంచిదే గానీ ఆగేది కాదు. మావయ్య మారాడన్న కబురు ఆవిడ రోడ్డు దాటి వెనక్కి వెళ్ళేలోపే వీధి చివరికి చేరింది. వంతెన పార్టీవాళ్ళు ఒక్కొక్కరే దుప్పటి, స్వెట్టరు, పరుపు, చేతికేది దొరికితే అది పట్టుకుని వచ్చారు. అందరూ గుమ్మంలోకి తొంగిచూసి ఒక మంచిమాట అన్నారు. అందరికీ ఒక ఊఁ దొరికింది. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. "ఏం మనిషమ్మా! ఒక్క మాట పైకి అనడు. అంతా లోపలే" అంది.

చివరికి కమాను గూట్లో కూర్చుంది. చక్రం టిక్కుమంది. మావయ్య భూతద్దం తీసి, నడుం వాల్చి, బయటికి చూశాడు. గోడ కనపడలేదు. గోడ మీద ఇంకో గోడ ఉంది, దుప్పట్లది. దాని ముందు రొట్టెల బాబాయి, మోచేతుల దాకా పిండితో, భద్రకాళిలా నిలబడి ఉన్నాడు.

రొట్టెల బాబాయి బేకరీ పెట్టుకున్నవాడు. గట్టు పార్టీకి వీధి అధ్యక్షుడు. అత్తయ్యను సొంత అక్క అనుకునేవాడు కాబట్టి మావయ్యను బావా అంటాడు.

"ఏంటి బావా ఇది? రొట్టెలు పొయ్యిలో వదిలేసి వచ్చా! మన సెక్రటరీ ఇంటి మీద వాళ్ళ జెండానా? అమ్ముడుపోయావా?"

"అది మీ అక్క జెండా రా."

బాబాయి స్తంభం దగ్గరికి నడిచాడు. పిండి చేత్తోనే ముక్కు తుడుచుకున్నాడు. జెండా ముడిని చాలాసేపు చూశాడు.

"అక్క ముడే" అన్నాడు మెల్లగా. "సరే, అది ఉండనీ. దాన్నెవరూ ముట్టుకోడానికి లేదు. మరి ఈ దుప్పట్ల కథేంటి?"

"నాకూ తెలీదు రా. ఇందులో నావి రెండే. అవీ ఎండకేశా."

"నువ్వు కూడబెట్టలేదా?"

"లేదు."

బాబాయి గోడ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. మొహంలో రంగులు మారాయి. "బావా, ఇప్పుడు ఇవి వెనక్కి పంపితే గట్టు పార్టీ సెక్రటరీ చలికి వణికేవాళ్ళ నోటి దగ్గర దుప్పటి లాక్కున్నాడంటారు. పంపనిస్తే, చూశావా, పేరంతా వంతెనోళ్ళు కొట్టుకుపోతారు. అదీ మన సెక్రటరీ గోడ మీంచి! చూడు, ఇవ్వకూడదన్నది మన సిద్ధాంతం. కాదనను. కానీ ఇస్తే వాళ్ళ కంటే తక్కువ ఇవ్వకూడదన్నది మన పరువు."

"దుప్పటి నోటి దగ్గర ఉండదు రా..."

"నువ్వు మాట్లాడకు బావా. కమాను పెట్టుకో."

గట్టు పార్టీవాళ్ళ దుప్పట్లు గేటుకు కుడివైపు గోడ మీద పడటం మొదలైంది. రావడం మహా వేగంగా వచ్చాయి. అడిగినవాళ్ళకు చెప్పడానికి బాబాయి ఒక వివరణ కూడా తయారుచేశాడు. "ఇది సాయం కాదండీ. ముందుజాగ్రత్త. వాళ్ళకి చలేస్తే ఎక్కడికొస్తారు? మన ఒడ్డుకొస్తారు. రాకుండా కప్పి పడుకోబెడుతున్నాం." ఈ మాట విని ఒక ముసలాయన తన ఒంటి మీది శాలువా తీసి ఇచ్చాడు. "గట్టిగా కప్పండి. చెవులు కూడా" అన్నాడు.

ఎడమ గోడవాళ్ళు కుడి గోడను చూశారు. ఇళ్ళకు వెళ్ళి, పిల్లలు పడుకున్న మంచాల మీంచి కూడా దుప్పట్లు లాక్కొచ్చారు. కుడి గోడవాళ్ళు ఎడమ గోడను చూసి పరుపులకు దిగారు. ఎడమ గోడ కంటే కుడి గోడ జానెడు ఎత్తు పెరిగిన సమయంలో వంతెన పార్టీ అధ్యక్షుడు తీర్మానాల మాస్టారు వచ్చాడు. ఆయన రిటైరైన లెక్చరరు. చెయ్యి పైకెత్తి అందర్నీ ఆగమన్నాడు.

"మిత్రులారా, ఇది చారిత్రక సందర్భం. ఒక తీర్మానం లేకుండా ఒక్క దుప్పటి కూడా కదలడానికి వీల్లేదు. 'అవతలి సోదరులకు' అనాలా, 'పొరుగువారికి' అనాలా అన్నది ముందు తేల్చుకోవాలి."

"మాస్టారూ, వాళ్ళు చలికి చచ్చిపోతున్నారండీ" అంది కుట్టుమిషను వదిన.

"చలి తాత్కాలికం తల్లీ. మాట శాశ్వతం."

"అయితే మీ మాట కప్పుకోమని చెప్పండి" అంది వదిన. వాళ్ళ పార్టీలో అంతర్గత ప్రజాస్వామ్యం అప్పటి నుంచి మొదలైంది.

ఇంతలో బాబాయి మావయ్య చెయ్యి పట్టుకుని పార్టీ మీటింగుకు లాక్కెళ్ళాడు. సంజాయిషీ చెప్పుకోవాలని మావయ్య దారంతా మాటలు పేర్చుకున్నాడు. 'నేను సాయం కూడబెట్టలేదు, మా ఆవిడ జెండా కట్టుకున్నాను, అంతే' అన్నది ఆయన ప్రసంగం మొత్తం. అది చెప్పే అవకాశమే రాలేదు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చప్పట్లు. వంతెన పార్టీ వలలో చిక్కకుండా, వాళ్ళ గోడ కంటే జానెడు ఎత్తు గోడ లేపిన సెక్రటరీ అని మెడలో దండ వేశారు. కొత్త గోధుమ జెండా చేతిలో పెట్టారు. మావయ్య దండ తీసి పక్కన పెట్టి, "ఒక్క మాట" అన్నాడు. అందరూ ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మావయ్య ఇంటికొచ్చేసరికి రెండు గోడలూ ఖాళీ. ఇటుకలు కనపడుతున్నాయి. ఎడమ స్తంభం మీద జెండా ఒక్కటే ఊగుతోంది. కుట్టుమిషను వదిన చీర కొంగు నడుముకు చుట్టుకుని, చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మాస్టారు 'సోదరులు' దగ్గరే ఉన్నారు మావయ్యా. మనకి ఆగుద్దా? బాబాయి రొట్టెల వ్యాన్ వాకిట్లోనే ఉంది. రెండు గోడలూ దాంట్లోకి ఎక్కించేశాం. ఈపాటికి వంతెన దాటేసుంటుంది."

మావయ్య గోడ వైపు చూశాడు. బొంత వేసిన చోట ఇటుకల మీద ఊదా నూలుపోగు ఒకటి అంటుకుని ఉంది.

"బొంత?" అన్నాడు.

"అయ్యో, అది మర్చిపోతానా! అన్నిటికంటే పైన పెట్టించా. అత్తయ్య చేతి పని కదా, వ్యాన్ తలుపు తియ్యగానే ముందదే కనపడాలని."

మావయ్య అరుగు మీద కూచున్నాడు. కొత్త గోధుమ జెండా ఒళ్ళో పెట్టుకుని దాని అంచు సరిచేశాడు. మళ్ళీ సరిచేశాడు.

"దాన్ని ఎండకేశానమ్మా" అన్నాడు చివరికి.

వదిన చెయ్యి నోటికి అడ్డం పడింది. "మరి అడిగితే ఊఁ అన్నావుగా మావయ్యా!"

"కమాను పెడుతున్నా."

మీటింగు నుంచి వెంటే వచ్చిన రొట్టెల బాబాయి పంచె ఎగ్గట్టాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి రొట్టెలు పంచే మూడుచక్రాల బండి తెచ్చాడు. "ఎక్కు బావా. వదినా, నువ్వూ ఎక్కు. పోగొట్టినదానివి నువ్వే."

"వ్యాన్ ఎవరిది?" అంది వదిన బండెక్కుతూ.

దారి పొడుగునా ముందు గట్టు పార్టీ తొక్కుతోంది, వెనక రొట్టెల పెట్టెలో వంతెన పార్టీ తిడుతోంది. ఆ రెంటి మధ్యా ఒళ్ళో జెండాతో మావయ్య. గతుకు వచ్చినప్పుడల్లా వదిన, "చూసి తొక్కు బాబాయీ, ఇది మీ పార్టీ వేసిన రోడ్డే" అంటోంది. "అవును, మీవాళ్ళయితే ముందు తీర్మానం చేసి తరవాత గతుకు వేసేవాళ్ళు" అంటున్నాడు బాబాయి.

వంతెన కనపడగానే మావయ్య ఒళ్ళోని జెండా మడత పెట్టాడు. ఇంత బతుకు బతికి ఆయన ఆ వంతెన ఎక్కలేదు. అత్తయ్య నెలకోసారి వెళ్ళేది, దారాలకీ గుండీలకీ. "రండీ, ఓసారి చూసొద్దాం. వాళ్ళూ అన్నమే తింటారు" అనేది. "సిద్ధాంతం ఒప్పుకోదు" అనేవాడు. ఆవిడ ఒక్కతే వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చి, ఆయన బల్ల మీద కొత్త వాచీ బెల్టులు పెట్టేది. అవి ఎక్కడివో ఆయన అడగలేదు. అంత మెత్తటి తోలు ఈ ఒడ్డున దొరకదని ఆయనకు తెలుసు. ఒకసారి వెళ్ళుంటే ఏం పోయేది అన్న మాట ఈ మధ్యనే ఆయన మనసులో తిరుగుతోంది.

వంతెన మధ్యలో కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం పని మీద?"

"దుప్పటి" అన్నాడు మావయ్య.

"ఇవ్వడానికా?"

"తెచ్చుకోడానికి."

కాపలా మనిషి ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. "వ్యాన్ నిండా ఇటునుంచి అటు పోయే దుప్పట్లని ఇందాకే చూశాను పెద్దాయనా. అటునుంచి ఇటు రావాలంటే ఏమని రాసుకోవాలో నాకు తెలీదు."

"ముందుజాగ్రత్త అని రాసుకో" అన్నాడు బాబాయి. కాపలా మనిషి ఆయన్నీ బండినీ అక్కడే ఆపి, మిగతా ఇద్దర్నీ వదిలాడు.

అవతలి బడిలో పెద్ద హాలు. తడి గోడలు, తడి బెంచీలు. నేల మీద వరసగా పడుకున్న జనం మీద తమ వీధి దుప్పట్లు. అది మంగలి దుప్పటి, ఇది బాబాయి పరుపు, చెవుల దాకా కప్పుకున్న ఆ శాలువా ముసలాయనది. మావయ్యకు తన వీధే ఇక్కడికొచ్చి పడుకున్నట్టు అనిపించింది. హాలు మూల, బడిగంట కింద, ఒక పెద్దాయన బెంచీ మీద కూచుని ఉన్నాడు. మెడ దాకా బొంత. ఊదా వైపు పైకి.

"అయ్యా, ఆ బొంత..." అన్నాడు మావయ్య.

"మీ ఒడ్డుదేగా? తెలుసు" అన్నాడు పెద్దాయన సాగదీసి. "మీ ఒడ్డు సరుకు ముట్టనని మొండికేసి కూచున్నా. గంట కొట్టేవాణ్ణి, నాకూ ఓ మాటుంటుంది. ఇక్కడ మీవాళ్ళని నమ్మొద్దనే పార్టీకి నేనే సెక్రటరీని."

"ఇక్కడ కూడా ఉందా?"

"ఉండదా? గట్టు మీకేనా, మాకు లేదా? మా జెండా ఊదా రంగు. వ్యాన్ తలుపు తియ్యగానే ఇది కనపడింది. మన పార్టీ బొంత, ఇదెలా వచ్చింది చెప్మా అని ఇదొక్కటీ పుచ్చుకున్నా." గొంతు తగ్గించాడు. "తీరా కప్పుకుని చూస్తే అడుగంతా గోధుమ రంగు! ఇక్కడ ఇచ్చిపుచ్చుకుందాం అనే గుంపు జెండా అది. ఒంటికి ఆనుతుంటే కంపరంగా ఉంది. అయినా పైకి కనపడదు కదా అని ఊరుకున్నా."

తన జెండా ఈ ఒడ్డున తన శత్రువులదని మావయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పక్కన వదిన కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది. అత్తయ్య నెలనెలా వచ్చేది కదా, ఆవిడకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. తెలిసి, ఇన్నేళ్ళూ ఒక్క మాట అనకుండా రాత్రుళ్ళు బొంత తిప్పి పడుకుంది.

"అది మా ఆవిడ కుట్టింది" అన్నాడు మావయ్య. "నేను ఇవ్వలేదు. ఎండకేస్తే వచ్చేసింది."

"ఆవిడ కావాలందా?"

"ఆవిడ లేదు."

పెద్దాయన మెడ దాకా ఉన్న బొంత కిందికి దించాడు. బొంత అంచులు దగ్గరకు తీసి, మడత పెట్టడం మొదలుపెట్టాడు. లోపల ఆయన చొక్కా ఇంకా తడిగా ఒంటికి అంటుకుని ఉంది.

"తీసుకో. టైమెంతయిందో మాత్రం చెప్పి పో. నా వాచీ నీళ్ళు తాగి ఆగింది. బడి ఉన్నా లేకపోయినా వేళకి గంట కొట్టాలి. గంట వినపడకపోతే పిల్లలు బెంగపడుతున్నారు."

మావయ్య టైము చెప్పలేదు. "ఏదీ, ఇలా ఇవ్వండి" అన్నాడు. చొక్కా జేబులో భూతద్దం, పట్టకారు ఎప్పుడూ ఉంటాయి. బెంచీ చివర కూచుని వాచీ వెనక మూత తీశాడు. బెల్టు చేతికి తగిలింది. మెత్తటి తోలు. కాసేపు దాన్ని బొటనవేలితో రాసి, తరవాత పని మొదలుపెట్టాడు. నీటిబొట్టు గుడ్డ చివరతో అద్దాడు. చక్రాలు ఒక్కొక్కటే తుడిచాడు. మెలిపడ్డ కమానును పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టాడు.

పెద్దాయన బొంత ఒళ్ళో పెట్టుకుని ఆయన్నే చూస్తున్నాడు. వేలితో మూల తడిమాడు. "ఈ మూల ఖాళీగా ఉందేం?"

"ఊఁ."

"మంచి కుట్టు. మా ఇంటిదీ ఇంతే పొందిగ్గా కుట్టేది."

"ఊఁ."

కిటికీలోంచి పడే ఎండ బెంచీ కాలు దాటింది. ఎక్కడో ఒక పిల్ల దగ్గింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంకొన్నాళ్ళు, ఈ చలి తగ్గేదాకా, దీన్ని నా దగ్గరే ఉంచుకోమంటావా?"

వదిన ఉలిక్కిపడి మావయ్య వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. భూతద్దం తియ్యలేదు.

"ఊఁ" అన్నాడు.

అప్పటికి కమాను గూట్లో కూర్చుని చాలాసేపయింది. వాచీ టిక్కుటిక్కుమనడం వదినకు కూడా వినపడుతూనే ఉంది.

వచ్చేటప్పుడు పెద్దాయన గుమ్మం దాకా వచ్చాడు, బొంత కప్పుకునే. "చలి తగ్గాక నీది నీకు ఇచ్చేస్తా. మాట తప్పను."

"మీరు తెచ్చిస్తారా?"

"వంతెన దాటడానికి నా సిద్ధాంతం ఒప్పుకోదు. నువ్వే రావాలి."

ఆదివారం వచ్చింది. మావయ్య పొద్దున్నే లేచి, కుడి స్తంభానికి కొత్త గోధుమ జెండా కట్టాడు. కాసేపు దూరంగా నిలబడి రెండింటినీ చూశాడు. తరవాత కత్తెర తెచ్చి, రెండు జెండాల చివర్లూ చిన్న చిన్న ముక్కలు కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. గొడుగు తీసుకుని బూతుకు నడిచాడు. వాన లేదు. ఎండ కూడా లేదు. అయినా గొడుగు విప్పి, ఎడమ వైపుకు కాస్త వంచి పట్టుకుని నడిచాడు.

బూతు బయట తీర్మానాల మాస్టారు 'పొరుగు సోదరులకు' అని చివరికి ఖాయమైన తీర్మానం చదువుతున్నాడు. మావయ్య ఓటు వేసి బయటికి రాగానే బాబాయి పట్టుకున్నాడు.

"మనకేగా బావా?"

"ఊఁ."

వెనకాలే వదిన పరుగెత్తుకొచ్చింది. "ఈసారి మాకేగా మావయ్యా? అత్తయ్య తరఫున?"

"ఊఁ."

ఇద్దరూ ఒకరినొకరు విజయగర్వంతో చూసుకున్నారు. మావయ్య వదిన దగ్గర సూదీ దారం అడిగి తీసుకుని, ఇంటి దారి పట్టకుండా నది వైపు నడిచాడు. వంతెన మీద కాపలా మనిషి ఆయన్ని గుర్తుపట్టాడు.

"మళ్ళీ దుప్పటేనా పెద్దాయనా? తెచ్చుకోడానికా?"

"కాదు. ఒక మూల కుట్టాలి."

ఆ సాయంత్రం ఫలితాలు వచ్చాయి. అవతలి ఒడ్డుకు ఎటువంటి సాయమూ పంపడానికి వీల్లేదని ఊరితో పాటు ఆ వీధి కూడా భారీ మెజారిటీతో తేల్చి చెప్పింది. ఆ వెంటనే చలిగాలి మొదలైంది, కప్పుకుందామని చూస్తే వీధి మొత్తం మీద ఒక్క దుప్పటి లేదు.